గోంగూరకు పెట్టిన ముహూర్తం

ఫోర్ట్ వర్త్ దగ్గరి మా కాపెల్ ఊళ్ళో లక్ష్మీకాంతం అంటే ఎవరికీ తెలియదు. కుక్కల లక్ష్మీకాంతం అంటే అందరికీ తెలుసు. నాయనమ్మ పేరు పెట్టారు పాపం. పళ్ళ డాక్టరు ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. అక్కడి వాళ్ళకి ఆ పేరు నోరు తిరక్క ‘లక్కీ’ అని పిలుస్తారు. మా ఇంటికి రెండిళ్ళ అవతల వాళ్ళిల్లు. ఆరేళ్ళలో ఆ ఇంట్లోంచి ఇరవై మూడు కుక్కలు వచ్చి వెళ్ళాయి. నేను లెక్కపెట్టాను. పనిలేక కాదు, కోపం కొద్దీ.

ఆవిడ పెట్టుకున్న పని ఏమిటో ముందు చెప్పాలి. ఈ దేశంలో ఊరికో కుక్కల షెల్టర్ ఉంటుంది. తప్పిపోయినవీ, పెంచుకున్నవాళ్ళు వదిలేసినవీ అక్కడికి చేరతాయి. చోటు చాలనప్పుడు కొన్నాళ్ళు చూసి ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారు. ఆలోగా ఎవరో ఒకరు తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలి, భయం పోగొట్టాలి, పెంచుకునేవాళ్ళు దొరికాక అప్పజెప్పాలి. పురిటికొచ్చిన ఆడపిల్లని చూసినట్టు చూసి, కోలుకోగానే పంపించెయ్యాలన్నమాట. ఎవరడిగారు ఈవిడని? ఎవరూ అడగలేదు.

మొదటి కుక్క వచ్చిన రోజే వంటింటి గట్టు మీది ఆవకాయ జాడీ పడగొట్టింది. మూతినిండా ఎర్రగా పూసుకుని, నీళ్ళగిన్నెలో తలపెట్టి గోలగోలగా ఏడ్చిందట. దానికి ఆవకాయ అని పేరు పెట్టింది. అప్పట్నుంచీ అదే వరస. మాగాయ, చింతకాయ, ఉసిరి, దోసావకాయ. షెల్టర్ కాగితాల మీద ఆ పేర్లు చదవలేక అక్కడివాళ్ళు పడ్డ అవస్థ ఆవిడ చెబుతుంటే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది.

మాగాయ చక్రపాణి వీసా కాగితాన్ని ఒక మూలంతా నమిలేసింది. చక్రపాణి అంటే లక్ష్మీకాంతం భర్త. కరీంనగర్ మనిషి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు, పదిహేడేళ్ళుగా హెచ్-వన్ వీసా మీదే ఉండి గ్రీన్ కార్డు లైన్‌లో నిలబడ్డాడు. ఆ కాగితం పట్టుకుని లాయరుకి ఫోన్ చేసి, ‘కుక్క తినేసింది’ అని చెప్పలేక, ‘కొంచెం డామేజ్ అయింది’ అని నసిగాడు. ఉసిరికి సంగీతం పిచ్చి. వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటుంటే పంతులుగారు శంఖం ఊదారు. ఉసిరి మోర ఎత్తి అదే శ్రుతిలో అందుకుంది. పంతులుగారు మళ్ళీ ఊదారు, అది మళ్ళీ అందుకుంది. కథ అయిదధ్యాయాలూ అలాగే నడిచాయి. ప్రసాదం ముందు దానికే పెట్టాలని వాళ్ళమ్మాయి మాయ పట్టుబట్టింది.

ఇక గోంగూర. నల్లటి పెద్ద కుక్క. ఒక చెవి నిలబడితే ఒకటి వాలిపోయి ఉండేది. దానికి ఒకటే రోగం, చెప్పులు. మనవాళ్ళ ఇళ్ళల్లో గడప బయట చెప్పులు వదులుతాం కదా, దానికది పండగ. జత ముట్టుకోదు. ఎడమది మాత్రమే ఎత్తుకుపోతుంది. కొరకదు, చింపదు. పెరట్లో పిల్లలు ఎగిరే ట్రాంపొలిన్ కిందికి తీసుకెళ్ళి, వరసగా పేర్చి, వాటి మీద తల పెట్టుకుని పడుకుంటుంది.

మాయ పుట్టినరోజుకి నలభై మంది వచ్చారు. భోజనాలయ్యాక వాకిట్లోకి వచ్చి చూస్తే నలభై కుడిచెప్పులు ఉన్నాయి. పట్టుచీర కట్టుకున్న ఆడవాళ్ళు పెరట్లో వంగి ట్రాంపొలిన్ కిందికి పాకుతున్నారు. అందరివీ దొరికాయి, నా ఒక్కడిదీ తప్ప. కొత్త బూట్లు, రెండోసారి తొడుక్కున్నాను. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో, అరవై ఒక్క ఏళ్ళవాణ్ణి, వీధి వెంట కుంటుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రోజునుంచీ దానికీ నాకూ పడదు. అది మాత్రం నన్ను చూస్తే తోక ఊపేది.

నల్ల కుక్కల్ని ఇక్కడ ఎవరూ తొందరగా తీసుకోరట. గోంగూర పద్నాలుగు నెలలు వాళ్ళింట్లోనే ఉండిపోయింది. ఉంచేసుకుందామని లక్ష్మీకాంతం అడిగిందట. చక్రపాణి వద్దన్నాడు. రేపు వీసా తేడా వస్తే పెట్టెలు సర్దుకుని పోవాల్సినవాళ్ళం, దీన్నెక్కడ పెడతాం అన్నాడు. అదీ నిజమే. చివరికి ఫోర్ట్ వర్త్ అవతల్నుంచి ఎవరో వచ్చి తీసుకెళ్ళారు. లక్ష్మీకాంతం తన ఎడమకాలి చెప్పు ఇచ్చి పంపింది. వారం రోజులు మా ఇంటికి రాలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి, తప్పదు. నా పేరు పరంధామయ్య. డేటాబేస్ పని చేస్తాను. పౌరోహిత్యం రాదు. కానీ పంచాంగం చూడటం మా తాతగారి దగ్గర నేర్చుకున్నాను. ఇండియా పంచాంగాన్ని ఇక్కడి టైముకి మార్చి చూడాలని, అక్కడి అమావాస్య ఇక్కడ అదే గంటలకి ఉండదని ఈ ఊళ్ళో మొదట చెప్పినవాణ్ణి నేనే. ఎవరు కారు కొన్నా, ఇల్లు కొని క్లోజింగ్ సంతకాలకి వెళ్ళినా, కొత్త ఉద్యోగంలో లాప్‌టాప్ తెరిచినా నాకు ఫోన్ చేస్తారు. నాకది గొప్పగానే ఉండేది. ఒప్పుకుంటే తప్పేముంది?

మొన్న ఆగస్టులో చక్రపాణి ఉద్యోగం పోయింది. మంగళవారం కొరివికారం అనే కుక్క వచ్చింది, గురువారం అతని టీమ్ మొత్తాన్ని తీసేశారు. కుక్కకీ ఉద్యోగానికీ ఏమిటి సంబంధం అని మీరడగొచ్చు. అరవై రోజుల్లో వేరే ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాల్సిన మనిషిని అడక్కండి. మాయ హైస్కూల్లో పదకొండో క్లాసు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కొరివికారం వేరే ఇంటికి వెళ్ళిపోయింది. ఇక ఈ ఇంటికి కుక్క వస్తే మంచిరోజు చూసి రావాలి అని చక్రపాణి ఒక్క షరతు పెట్టాడు.

అరవైలో నలభై రోజులు గడిచాక ఒక సోమవారం సాయంత్రం లక్ష్మీకాంతం గాభరాగా వచ్చింది.

“అన్నయ్యగారూ, షెల్టర్ నుంచి కాల్ వచ్చింది. మన గోంగూర దొరికిందట. మెడ చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ స్కాన్ చేస్తే నా నంబరే చూపించింది. అడాప్ట్ చేసుకున్నవాళ్ళు డీటెయిల్స్ మార్చనేలేదు. ఇల్లు ఖాళీ చేసి, దాన్ని పెరట్లోనే వదిలేసి వెళ్ళిపోయారట.”

గంటన్నర దూరంలో ఉన్న ఊరు. షెల్టర్ నిండిపోయింది. కుక్కకి గుండెలో పురుగులున్నాయి, మందు ఇస్తే తగ్గుతుంది గానీ అలాంటిదాన్ని కొత్తవాళ్ళెవరూ తీసుకోరు. చిప్ మీద పేరున్న మనిషి కాబట్టి బుధవారం సాయంత్రం అయిదింటి వరకూ ఉంచుతామన్నారు.

“రేపు పొద్దున్నే వెళ్ళి తెచ్చేస్తాను అన్నయ్యగారూ. ఆయన మిమ్మల్ని అడగమన్నారు.”

వెనకాలే చక్రపాణి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. “గురువారం నాది ఇంటర్వ్యూ ఫైనల్ రౌండ్ ఉంది అన్నా. ఇది పోతే ఇంకోటి లేదు. మీరు ఏ రోజు మంచిదంటే ఆ రోజే తెమ్మనండి. నాదేం లేదు” అన్నాడు.

నేను కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో పంచాంగం తెరిచాను. “రేపు మంగళవారం, ఆ ఊసే వద్దు. ఎల్లుండి మహాలయ అమావాస్య. రాత్రి పన్నెండూ పద్దెనిమిది వరకూ ఉంది. గురువారం పాడ్యమి, నవరాత్రులు మొదలు. అంతకంటే మంచిరోజు దొరకదు.”

“వాళ్ళు బుధవారం అయిదింటి వరకే అన్నారు.”

“ఒక్క రోజుకి ఏమవుతుందమ్మా కుక్కకి?”

“పోనీ బుధవారం తెచ్చి గరాజ్‌లో ఉంచి, గురువారం లోపలికి తీసుకొస్తే?”

“గరాజ్ ఇంట్లో భాగం కాదా? అయినా అమావాస్యనాడు ప్రయాణమేమిటి? ఆయన బతుకంతా గురువారం మీద ఉంటే!” నాకు కొంచెం విసుగొచ్చింది. పోయిన బూటు కూడా గుర్తొచ్చిందేమో, అబద్ధమెందుకు. “ఒక ఈమెయిల్ పెట్టు. చిప్ మీద నీ పేరుందిగా, ఒక్క రోజు ఆగుతారులే. వాళ్ళూ మనుషులే.”

లక్ష్మీకాంతం లేచి ఇంటికి వెళ్ళింది. మంగళవారం ఈమెయిల్ పెట్టింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, వాయిస్‌మెయిల్‌లో చెప్పింది. బుధవారం మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. ఆవిడలాగే కుక్కల్ని కొన్నాళ్ళు ఉంచుకునే మిగతా ఫాస్టర్ ఇళ్ళన్నీ నిండి ఉన్నాయి.

గురువారం ముహూర్తం పెట్టినవాణ్ణి కాబట్టి దగ్గరుండి జరిపించాలని నేనే కారు తీశాను. తొమ్మిదీ పన్నెండుకి బయల్దేరాం. లక్ష్మీకాంతం ఒళ్ళో ఒక డబ్బా, ఒక ప్లాస్టిక్ కవరు ఉన్నాయి. డబ్బాలో పెరుగన్నం. కవర్లో తన పాత ఎడమ చెప్పు. దారిపొడుగునా గోంగూర కబుర్లే చెప్పింది. స్నానం చేయిస్తుంటే అద్దంలో తనని చూసుకుని మొరిగిందట. మాయ బడినుంచి వచ్చే బస్సు మలుపు తిరక్కముందే గుర్తుపట్టేదట. నేను కూడా నవ్వాను. ఈసారి నా బూటు ఎక్కడ దాచిందో దాన్నే అడుగుతానన్నాను.

షెల్టర్‌లో కౌంటరు వెనక ఒక అమ్మాయి ఉంది. పాతికేళ్ళుంటాయి. కుక్క నంబరు కొట్టి చూసింది. మళ్ళీ కొట్టింది. ఆమె మొహం చూసి నాకు సగం అర్థమైపోయింది.

నిన్న సాయంత్రం ఆరున్నరకి అయిపోయిందట. సోమవారం ఫోన్ చేసినప్పుడు ‘తీసుకెళతానన్నారు’ అని కాగితం మీద రాసి ఉంది. అందుకని అయిదు దాటాక కూడా గంటసేపు చూశామంది. కొత్తగా పదకొండు కుక్కలు వచ్చాయంది. లక్ష్మీకాంతం పంపిన ఈమెయిల్ ఆ అమ్మాయి మా ముందే తెరిచింది. అప్పటిదాకా ఎవరూ చూడలేదు. క్షమించమని ఏడ్చేసింది. ఆ పిల్లని ఏమనగలం?

లోపలికి వెళ్ళి కాలరు తెచ్చి ఇచ్చింది. “చాలా మంచి కుక్క. నా బూటు ఒకటి ఎత్తుకుపోయింది. లాక్కోబుద్ధి కాలేదు. మూడు రోజులూ దాని మీదే తల పెట్టుకుని పడుకుంది” అని తన భాషలో చెప్పింది.

“ఎడమదా?” అని అడిగింది లక్ష్మీకాంతం.

ఆ అమ్మాయి కిందికి తన కాళ్ళ వైపు చూసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, అవునంది.

తిరిగొచ్చేటప్పుడు లక్ష్మీకాంతం కాలరు వేళ్ళకి చుట్టుకుని కూర్చుంది. పెరుగన్నం డబ్బా ఒళ్ళోనే ఉంది. సగం దారిలో ఆవిడ ఫోన్ మోగింది. స్పీకర్లో చక్రపాణి గొంతు. చాన్నాళ్ళ తర్వాత హుషారుగా ఉంది. “మంచిగైంది లక్ష్మీ. మస్తు మంచిగైంది. అన్నకి థాంక్స్ చెప్పు. గోంగూరను తీస్కస్తున్నరా?” ఆవిడ “వస్తున్నాం” అని మాత్రం చెప్పి పెట్టేసింది.

శుక్రవారం ఉద్యోగం ఖాయమైంది. చక్రపాణి స్వీట్ల డబ్బాతో వచ్చి నా కాళ్ళకి దండం పెట్టబోయాడు. గోంగూర గురించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. అతను చెడ్డవాడు కాదు. “దాని రుణం అంతే ఉంది అన్నా” అన్నాడు. నేనూ తల ఊపాను. రుణం, ప్రాప్తం, రాత. మనకి ఇలాంటి మాటలకి కరువా!

శనివారం పొద్దున సత్యం ఫోన్ చేశాడు. మా వీధి చివర ఉంటాడు, కొత్త కారు తీసుకోవాలట. పంచాంగం తెరిచి తిథి చెప్పబోతూ పైన ఉన్న ఊరి పేరు చూశాను. హైదరాబాద్ అని ఉంది.

జులైలో మేనల్లుడి పెళ్ళికి వెళ్ళినప్పుడు మార్చుకున్నాను. తిరిగొచ్చాక ఫోన్‌లో టైము దానంతట అదే మారింది. పంచాంగంలో ఊరు మారలేదు, నేను మార్చలేదు. రాత్రి పన్నెండూ పద్దెనిమిది అని నేను చదివి చెప్పింది హైదరాబాద్ టైము. పదిన్నర గంటలు తీసేశాను. మూడుసార్లు తీసేశాను. మా కాపెల్‌లో బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట నలభై ఎనిమిదికే అమావాస్య వెళ్ళిపోయింది. రాహుకాలం కూడా మూడింటిలోపే అయిపోయింది. అయిదింటి వరకూ మూడు గంటల పన్నెండు నిమిషాలు పాడ్యమి ఉంది. షెల్టర్‌కి గంటన్నర దారి. నా శాస్త్రం ప్రకారమే ఆ కుక్క బతకాల్సింది. పదిమందికీ టైము మార్చి చూడమని నేర్పినవాణ్ణి, నా సొంత ఫోన్‌లో మార్చుకోలేదు.

ఆ రోజంతా చెప్పలేకపోయాను. ఆదివారం వెళ్ళాను. లక్ష్మీకాంతం పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని కుక్కల గిన్నెలు తోముతోంది. ఎవరికో ఇచ్చేస్తోందట. నిలబడే మొత్తం చెప్పేశాను. హైదరాబాద్, పదిన్నర గంటలు, ఒంటిగంట నలభై ఎనిమిది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు, అయినా చెప్పాను. నన్ను తిట్టమ్మా, సిగ్గులేకుండా వచ్చానన్నాను.

ఆవిడ గిన్నె తోమడం ఆపలేదు.

“నాకు తెలుసు అన్నయ్యగారూ.”

“ఏం తెలుసు?”

“బుధవారం మధ్యాహ్నమే తెలుసు. మాయ స్కూల్ నుంచి టెక్స్ట్ పెట్టింది. ఆన్‌లైన్‌లో చెక్ చేసిందట. ‘అమ్మా, అమావాస్య డన్, నువ్వు గో’ అని.”

అక్కడే ఉన్న మెట్టు మీద కూర్చున్నాను. “మరి ఎందుకు వెళ్ళలేదమ్మా?”

“కార్ కీస్ పట్టుకుని గరాజ్‌లో కూర్చున్నాను, మూడున్నర దాటేదాకా. మీ మాట కాదని దాన్ని తెచ్చాక ఆయనకి జాబ్ రాకపోతే? పదిహేడేళ్ళు ఆ కుక్క వల్లే పోయాయనేవారు. పైకి అనకపోయినా మనసులో ఉండేది. మీరు చెప్పిన రోజున తెస్తే ఏం జరిగినా దాన్ని ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో హాయిగా ఉండనిస్తారు. అందుకని ఆగాను.” గిన్నె బోర్లించింది. “నేను అమావాస్యని నమ్మలేదు అన్నయ్యగారూ. ఒక్క రోజు ఆగుతారులే అన్నారు చూడండి, ఆ మాట నమ్మాను.”

ఆ మాట ఏ పంచాంగంలోనూ లేదు. నా నోటికొచ్చి అన్నాను. ఒక బూటు మీద కోపంతో, పెద్దమనిషిని కదా అన్న ధీమాతో అన్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు. లోపలికి వెళ్ళి నాకు కాఫీ తెచ్చిచ్చింది.

దసరా వెళ్ళిన శనివారం చక్రపాణి ఉద్యోగం వచ్చిన సందర్భంగా భోజనాలకి పిలిచాడు. నలభై మంది దాకా వచ్చారు. నేను వెళ్ళకూడదనుకున్నాను, మా ఆవిడ ఊరుకోలేదు. చక్రపాణి నన్ను అందరి ముందూ కూర్చోబెట్టి ముహూర్తం కథ చెప్పాడు. గురువారం, పాడ్యమి, ఇంటర్వ్యూ. కుక్క సంగతి చెప్పలేదు. ముగ్గురు అక్కడికక్కడే ఫోన్లు తీసి నన్ను తేదీలు అడిగారు. లక్ష్మీకాంతం అందరికీ వడ్డించింది. నాకు కొసరి కొసరి పెట్టింది. షెల్టర్ నుంచి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయనీ, తను ఎత్తడం లేదనీ మా ఆవిడతో అంటుంటే విన్నాను.

భోజనాలయ్యాయి. మాటల్లో పడి అందరం ఒకేసారి లేచాం. ఆడవాళ్ళు తాంబూలాలు తీసుకుని ముందు బయటికి నడిచారు. వాకిట్లో వదిలిన చెప్పులు వదిలినట్టే జతలు జతలుగా ఉన్నాయి. ఎవరివి వాళ్ళు తొడుక్కుని, గుడ్ నైట్‌లు చెప్పుకుని వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా వెతుక్కోలేదు. లక్ష్మీకాంతం గడపలో నిలబడి ఆ చెప్పులకేసి చూస్తోంది.

నేను కిందికి చూశాను. నా బూట్లు రెండూ పెట్టినచోటే ఉన్నాయి.